మాటను ఎక్కడ విడదీయాలి?

కర్నూలు, కడప ప్రాంతాల్లో "మాయన్న సంతకు పోతాండాడు" అంటారు. పాఠ్యపుస్తకంలో అదే మాట "పోతున్నాడు" అని ఉంటుంది. అయితే మనం ఇంట్లో మాట్లాడేది చెడిపోయిన తెలుగా? వాదన ఎందుకు, విడదీసి చూద్దాం.

మాటను రెండు విధాలుగా విడదీయవచ్చు. మొదటిది ఉచ్చారణను బట్టి. చప్పట్లు కొడుతూ నెమ్మదిగా పలకండి: పో-తాం-డా-డు. నాలుగు చప్పట్లు, నాలుగు ముక్కలు. ప్రతి ముక్కలోనూ ఒక అచ్చు ఉంది. రెండో మాట పో-తున్-నా-డు. రాసేటప్పుడు "న్నా" కలిపి రాస్తాం. పలికేటప్పుడు మొదటి నకారం ముందు ముక్కలో చేరుతుంది. ఛందస్సులో ఇక్కడి "తు" గురువు కావడానికి కారణం ఇదే.

రెండవది అర్థాన్ని బట్టి. పోతాండాడు, పోతాండారు, పోతాండావు – వీటిలో మారింది చివరి డు, రు, వు మాత్రమే. పోయేది ఎవరో అవి చెబుతాయి. ఇప్పుడు "పోతాడు" పక్కన "పోతాండాడు" పెట్టండి. మధ్యలో "ండా" అదనంగా వచ్చింది. అది ఎక్కడిది? "ఇంట్లో ఉండాడు" అంటాం కదా, ఆ "ఉండా"యే! "తా" తర్వాత "ఉ" జారిపోయింది.

అంటే భాగాలు ఇవి: పో + తా + ఉండా + డు. ఇవీ నాలుగే. కాని హద్దులు వేరు. "ఉండా"లోని సున్న "తాం"లో చేరింది, "డా" విడిగా నిలిచింది. నోరు విడదీసే చోటు ఒకటి, అర్థం విడిపోయే చోటు మరొకటి.

ఇది తెలుగుకే పరిమితం కాదు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న మన యానాంలో ఫ్రెంచి కూడా నేర్పేవారు. ఆ భాషలో "మీరు మాట్లాడతారు" అనడానికి "వూ పార్లే" అంటారు. ఈ క్రియను పలికేది పార్-లే అని. అర్థభాగాలు మాత్రం పార్ల్ + ఏ. "పార్ల్" ధాతువు, "ఏ" మీరు అని సూచించే ప్రత్యయం. ధాతువు చివరి లకారం పలికేటప్పుడు ప్రత్యయంతో కలిసిపోయింది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఇలాగే తెలుగు ధాతువులను విడదీసి, సోదర భాషలతో పోల్చారు. ఆ గ్రంథం 1961లో వెలువడింది.

ఇక మన ప్రశ్నకు వద్దాం. "పోతున్నాడు"ను విడదీస్తే పో + తు + ఉన్నా + డు. రెండు మాటల కట్టడం ఒక్కటే! ఒకచోట "ఉన్నా", మరోచోట "ఉండా". పరీక్షలో "పోతున్నాడు" అనే రాయండి. ఇంటి మాటకు మాత్రం సిగ్గుపడనక్కరలేదు. దానికీ నియమం ఉంది.

"తింటాండారు"ను మీరే రెండు విధాలా విడదీయండి. "తా" ఎందుకు "టా" అయిందో ఆలోచించండి. "తింటాడు"తో పోల్చితే దారి దొరుకుతుంది.