విమర్శ, ఆశావాదం: జపాన్, ఉత్తర అమెరికా సమాజాల దృక్పథ భేదం

లోపాన్ని ఎత్తిచూపితే మనిషి కుంగిపోతాడా, పట్టుదల పెంచుకుంటాడా? ఈ ప్రశ్నకు మనస్తత్త్వశాస్త్రం చాలాకాలం ఒకే సమాధానం చెప్పింది. మెప్పు ఉత్సాహాన్నిస్తుంది, తప్పెన్నడం దానిని హరిస్తుంది. ఆశావాదం మానసిక ఆరోగ్యానికి చిహ్నం. అయితే ఈ నిర్ధారణకు ఆధారమైన ప్రయోగాలలో అధికభాగం ఉత్తర అమెరికా విద్యార్థులపై జరిగినవే.

తమకు మేలు ఇతరులకంటే ఎక్కువగా, కీడు తక్కువగా కలుగుతుందని అమెరికన్ విద్యార్థులు భావిస్తున్నట్లు 1980లో నీల్ వైన్‌స్టీన్ చూపారు. అందరూ సగటుకంటే అదృష్టవంతులు కావడం అసాధ్యం గనుక దీనిని 'అవాస్తవిక ఆశావాదం' అన్నారు. 1995లో స్టీవెన్ హైన్, డారిన్ లేమన్ కెనడా, జపాన్ విద్యార్థులను పోల్చగా, జపనీయులలో ఈ ధోరణి చాలా బలహీనంగా కనిపించింది.

అంతమాత్రాన జపనీయులను నిరాశావాదులనడం తొందరపాటు. హైన్ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయంలో కీలకమైనవి. విద్యార్థులలో కొందరికి సులభమైన పద సమస్యలను, కొందరికి కఠినమైనవాటిని ఇచ్చి, తాము నెగ్గామో ఓడామో వారికి తెలిసేలా చేశారు. తరువాత అటువంటి సమస్యలే మరికొన్ని ముందుంచి, వారిని గదిలో ఒంటరిగా విడిచి, ఎంతసేపు ప్రయత్నిస్తారో వారికి తెలియకుండా లెక్కించారు. ఉత్తర అమెరికా విద్యార్థులు నెగ్గినప్పుడు ఎక్కువసేపు ప్రయత్నించారు. జపాన్ విద్యార్థులు ఓడినప్పుడు ఎక్కువసేపు ప్రయత్నించారు. మొదటివారికి వైఫల్యం తమ శక్తిపై వెలువడిన తీర్పు. రెండవవారికి అది ఇంకా ఎక్కడ శ్రమించాలో తెలిపే సూచన.

ఈ భేదం పాఠశాలలోనే రూపుదిద్దుకుంటుంది. జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు 'హన్సెయ్' పేరిట తమ ప్రవర్తనలోని లోపాలను తామే సమీక్షించుకుంటారు. ఇది శిక్ష కాదు, దినచర్యలో భాగం. హెరాల్డ్ స్టీవెన్సన్, జేమ్స్ స్టిగ్లర్ 1992లో వెలువరించిన గ్రంథం ప్రకారం, గణితంలో వెనుకబడినప్పటికీ అమెరికన్ పిల్లల తల్లులే జపాన్ తల్లులకంటే పిల్లల చదువుపై ఎక్కువ సంతృప్తి ప్రకటించారు. జపాన్ తల్లులు సహజ ప్రతిభకంటే కృషికి ఎక్కువ విలువనిచ్చారు. కనుక అక్కడి ఆత్మవిమర్శలోనూ ఒక ఆశ దాగి ఉంది; అయితే ఆ ఆశ అదృష్టంపై కాక శ్రమపై నిలిచినది. తెలుగులో 'విమర్శ' అంటే మూలార్థంలో పరిశీలన. వాడుకలో అది తప్పుపట్టడంగా కుదించుకుపోయింది. పరిశోధక విద్యార్థి తన వ్యాసంపై పర్యవేక్షకుని దిద్దుబాట్లను ఏ అర్థంలో స్వీకరిస్తాడన్న దానిపైనే వాటి ఫలితం చాలావరకు ఆధారపడుతుంది.

ఈ వ్యాఖ్యానాన్ని అందరూ అంగీకరించలేదు. ప్రతి సమాజంలోనూ మనుషులు తమ సంస్కృతి గౌరవించే గుణాలలో తమను అధికులుగానే భావిస్తారని కాన్‌స్టాంటైన్ సెడికిడీస్ తదితరులు 2003లో వాదించారు. జపనీయుల ఆత్మవిమర్శ కేవలం వినయ ప్రదర్శన అనే వాదమూ ఉంది. ఈ రెండవ వాదం అంత బలంగా నిలవదు. ఎవరూ చూడటం లేదనుకున్న గదిలో ఓడిన విద్యార్థి మళ్ళీ సమస్యకు పూనుకోవడాన్ని వినయ ప్రదర్శనగా వివరించడం కష్టం.