ఎనిమిది రోజుల వారం

వారానికి ఎన్ని రోజులు? ఏడు. చిన్నపిల్లలు కూడా చెబుతారు. కాని బత్తీర్ అనే ఊళ్లో నీళ్ల వారానికి ఎనిమిది రోజులు!

బత్తీర్ పాలస్తీనాలో ఉంది. ఏసుక్రీస్తు పుట్టిన బెత్లెహేం పేరు మీరు వినే ఉంటారు. దానికి పడమటి వైపు, కొన్ని మైళ్ల దూరంలో, కొండవాలు మీద ఉంది ఈ ఊరు.

కొండ మీద సేద్యం ఎలా? వాన పడితే మన్ను కొట్టుకుపోతుంది కదా! అందుకే అక్కడి వాళ్లు కొండను మెట్లు మెట్లుగా మలిచారు. ప్రతి మెట్టుకూ రాళ్లతో గోడ పేర్చారు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, అంతే. ఆ గోడ మన్నును పోనివ్వదు. వానకు పండే చోట ఆలివ్ చెట్లు, ద్రాక్ష. నీరు పారే మడుల్లో కూరగాయలు. బత్తీర్ వంకాయకు ఆ చుట్టుపక్కల మంచి పేరు.

ఆ నీరు కొండలోని ఊట నుంచి వస్తుంది. ఒక రాతి తొట్టిలో చేరుతుంది. తొట్టి రోమన్ల కాలం నాటిది. ఊళ్లో పెద్ద కుటుంబాలు ఎనిమిది. రోజుకొక కుటుంబం వంతు. అదే ఎనిమిది రోజుల వారం. తొట్టిలో కర్ర ముంచి నీటి లోతు కొలుస్తారు. దాన్నిబట్టి వాటాలు పంచుకుంటారు. నీళ్ల దగ్గర ఎంతెంత తగాదాలు వస్తాయో మనకు తెలియనిదా!

ఈ ఊరు చాలా పాతది. ఇక్కడ బేతార్ అనే కోట ఉండేది. రోమన్ల మీద తిరగబడిన యూదులు చివరిదాకా ఆ కోటలోనే పోరాడారు. 135లో రోమన్లు దాన్ని పట్టుకున్నారు. శిథిలాలు ఇప్పటికీ ఊరి పక్కనే ఉన్నాయి. తర్వాత ఎందరో రాజులు మారారు. 400 ఏళ్లు తురుష్కుల పాలన సాగింది. వాళ్ల కాలంలోనే, 1892లో, కొండ కిందుగా రైలు వచ్చింది. బత్తీర్ ఆడవాళ్లు కూరగాయల గంపలతో జెరూసలేం బజారుకు వెళ్లి అమ్ముకునేవారు.

1948లో యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది. సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనా వాళ్లు ఇళ్లు వదలాల్సి వచ్చింది. బత్తీర్ జనం కూడా చాలామంది వెళ్లిపోయారు. ఖాళీ ఊరంటే పోయిన ఊరే. హసన్ ముస్తఫా అనే ఆయన కొద్దిమందితో అక్కడే ఉండిపోయాడు. వాళ్లు ఏం చేశారు? పగలు దండేల మీద బట్టలు ఆరేశారు. రాత్రి ఖాళీ ఇళ్లలో దీపాలు పెట్టారు. దూరం నుంచి చూసేవాళ్లకు ఊరి నిండా జనం ఉన్నట్టే అనిపించింది. ఊరు నిలిచింది! వెళ్లినవాళ్లు తిరిగి వచ్చారు.

1949లో సరిహద్దు గీత గీశారు. రైలు దారి ఇజ్రాయెల్‌కు పోయింది. కొన్ని పొలాలు గీతకు అవతల పడ్డాయి. రైలుకు హాని చేయమని ఊరివాళ్లు మాట ఇచ్చారు. అందుకు బదులుగా ఆ పొలాలను దున్నుకోనిచ్చారు. బజారుకు పోయే రైలు మాత్రం మళ్లీ ఆగలేదు.

1967 యుద్ధంలో ఊరు ఇజ్రాయెల్ సైన్యం చేతికి వచ్చింది. తర్వాత అక్కడ గోడ కడతామన్నారు. గోడ వస్తే మెట్లు, కాలువలు తెగిపోతాయి. ఊరివాళ్లు ఇజ్రాయెల్ కోర్టుకే వెళ్లారు. ఇజ్రాయెల్ ప్రకృతి రక్షణ శాఖ కూడా గోడ వల్ల నష్టమని చెప్పింది. 2014లో యునెస్కో ఈ మెట్ల పొలాలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 2015లో గోడ పని ఆగింది.

2024 ఆగస్టులో ఇంకో కబురు వచ్చింది. ఆ వారసత్వ ప్రాంతంలోనే కొత్త కాలనీ కట్టడానికి ఇజ్రాయెల్ ప్రభుత్వం ఒప్పుకుంది. దాని పేరు నహల్ హెలెట్జ్.