గడ్డను కరిగించే మందు - కిడ్నీలకు ముప్పు



క్యాన్సరు వైద్యము పొందుచున్న వారిని చూడబోయినప్పుడు మేము తరచుగా వినే మాట ఇది: "గడ్డ తగ్గిందయ్యగారూ, కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయంటున్నారు." రోగము ఒకచోట ఉండగా దెబ్బ మరొకచోట ఎందుకు తగులును? ఈ సంగతి తెలిసికొనిన కుటుంబము రోగికి ఎంతో మేలు చేయగలదు.

నగలు చేసే ప్లాటినము అనే లోహముతో తయారైన మందు సిస్‌ప్లాటిన్. 1965లో అమెరికాలోని మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయములో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు సూక్ష్మక్రిములున్న ద్రవములో విద్యుత్తు పంపగా, అవి రెండుగా చీలక పొడవుగా సాగిపోయినవి. దానికి కారణము విద్యుత్తు కాదు, ప్లాటినము నుండి ఆ ద్రవములో కరిగిన పదార్థమని తేలినది. 1978లో అమెరికాలో దీనిని మందుగా అనుమతించారు. నేడు గర్భసంచి ముఖద్వారము, అండాశయము, నోరు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు దీనిని వాడుచున్నారు. క్యాన్సరు కణములోని డి.ఎన్.ఎ.కు అతుక్కొని, ఆ కణము పెరగకుండ ఆపుట దీని పని.

అయితే ఈ మందు ఎక్కువగా బయటికి పోవలసినది కిడ్నీల గుండానే. కిడ్నీలలోని సన్నని గొట్టముల కణములు రక్తములోని కొన్ని పదార్థములను లోనికి లాగి మూత్రములోనికి పంపును. అదే దారిన ఈ మందును కూడ లాగుకొనును. రక్తములో ఉన్నదానికి సుమారు 5 రెట్లు అక్కడ పేరుకొనును. ఆ కణములు విషమునకు లోనై చనిపోవును. మెగ్నీషియము మూత్రములో పోవుట వలన నీరసము, కండరములు పట్టుకొనుట కలుగును. ఈ మందు పొందిన ముగ్గురు నలుగురిలో ఒకరికి కిడ్నీలు కొంతైనా దెబ్బతినును. నొప్పి తెలియదు. మందు ఎక్కించిన వారము, పది దినములకు రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగినట్లు కనబడును.

అందుకే మందుకు ముందును తరువాతను సెలైన్ ఎక్కింతురు. మెగ్నీషియము కూడ ఇత్తురు. "ఇన్ని సీసాలెందుకు?" అని తొందరపడి ఇంటికి బయలుదేరకూడదు. నీరు ఎక్కువగా పోయిన కొలది కిడ్నీలలో మందు పలుచబడి త్వరగా బయటికి పోవును.

ఇంటికి వచ్చిన తరువాతి దినములే అపాయకరమైనవి. వాంతులతో రోగి నీళ్ళు మానివేయును. ఒళ్ళు నొప్పులని ఊళ్ళో ఆర్.ఎం.పి. గారిచేత డైక్లోఫెనాక్ సూది వేయింతురు. జ్వరమని జెంటామైసిన్ వేయింతురు. ఈ రెండును కిడ్నీలకు అదనపు దెబ్బ. కాబట్టి సూది వేసే వారికి క్యాన్సరు మందు చీటీ ముందే చూపించండి. నాటు మందులు కూడ పెద్ద డాక్టరు గారిని అడగకుండ వాడకండి. దినమునకు ఎంత నీరు త్రాగవలెనో ఆయననే అడగండి, ఎందుకనగా గుండెజబ్బు గలవారికి లెక్క వేరు. వాంతులు ఆగకపోయినా, మూత్రము తగ్గినా మరుసటి తేదీ వరకు ఆగక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

కిడ్నీలు బలహీనమైన వారికి 1989లో అమెరికాలో అనుమతి పొందిన కార్బోప్లాటిన్ అనే మందు ఉన్నది. అది కిడ్నీలకు తక్కువ హాని చేయును గాని రక్తకణములను ఎక్కువగా తగ్గించును. ప్రతి క్యాన్సరుకు సమానముగా పనిచేయదు. ఏది తగినదో వైద్యులే నిర్ణయించవలెను.

భయపడి వైద్యము మానివేయుట మాత్రము తగదు. ప్రాణము కాచేది ఆ మందే. ఇంటిలో చదువు వచ్చిన ఒకరు చిన్న నోటుపుస్తకములో త్రాగిన నీరు, పోయిన మూత్రము, వాడిన మందులు వ్రాసి, ప్రతిసారి ఆసుపత్రికి తీసికొని వెళ్ళినయెడల, ఆ కిడ్నీలకు అదొక కావలి.