శిక్ష కాదు, శిక్షణ

సంస్కృతంలో ‘శిక్ష’ అంటే విద్య, అభ్యాసం అని అర్థం. తెలుగు వాడుకలో ఆ పదం దండనకు పేరైంది. నేర్పడానికి ‘శిక్షణ’ అనే మాట స్థిరపడింది. ఈ రెంటికీ గల భేదాన్ని మరచినవారు జంతువులను పెంచడంలో పొరపడుతుంటారు. విశేషించి, భయస్వభావం గల కుక్కల విషయంలో ఈ పొరపాటు ప్రమాదకరంగా పరిణమిస్తుంది.

నన్నయ రచించిన ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో సరమ వృత్తాంతం ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దేవశుని అయిన సరమ కుమారుడు ఆడుకొంటూ వెళ్తాడు. రాజు తమ్ములు ఆ కుక్కపిల్లను నిష్కారణంగా కొడతారు. అది ఏడుస్తూ పోయి తల్లికి చెప్పుకొంటుంది. సరమ రాజు వద్దకు వచ్చి, వివేకం లేక సాధుజీవులకు కీడు చేసేవారికి హేతువు లేని భయాలు సంభవిస్తాయని హెచ్చరిస్తుంది. సరమ సంతతి కనుకనే కుక్కకు ‘సారమేయం’ అనే పేరు వచ్చింది. కొట్టినవారికి భయం తప్పదని కథ చెబుతున్నది. దెబ్బలు తిన్న ప్రాణిలో నాటుకొన్న భయమే మనుషుల మీదికి తిరిగి వస్తుందని నేటి శాస్త్రం చెబుతున్నది.

అపరిచితులను చూడగానే మొరిగి మీదికి దూకే కుక్కను పొగరుబోతని తలుస్తాం. చాలా సందర్భాలలో దాని లోపల ఉన్నది భయమే. తోకను కాళ్ల మధ్య ముడుచుకోవడం, చెవులు వెనుకకు వాల్చడం, ముఖం తిప్పుకోవడం, మాటిమాటికీ పెదవులు నాకడం, నిద్ర రాకున్నా ఆవులించడం దీనికి గుర్తులు. వీటిని ఎవరూ గమనించకపోతే అది గుర్రుమంటుంది. అందుకు కొడితే హెచ్చరిక మానుతుంది కాని భయం మానదు. అటువంటి కుక్క ఒకనాడు హెచ్చరించకుండానే కరుస్తుంది.

మరి భయాన్ని పోగొట్టడం ఎలా? ఆహారం పెట్టే ముందు ఒక ధ్వనిని పదేపదే వినిపిస్తే, కొంతకాలానికి ఆ ధ్వని వినగానే కుక్క నోట లాలాజలం ఊరుతుందని రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ నిరూపించాడు. కుందేలంటే భయపడే పీటర్ అనే బాలునికి ఆ భయం పోగొట్టిన విధానాన్ని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు మేరీ కవర్ జోన్స్ 1924లో ప్రచురించింది. బాలుడు ఇష్టమైన పదార్థం తింటుండగా కుందేలును మొదట దూరంగా ఉంచి, క్రమక్రమంగా దగ్గరికి తెచ్చారు. చివరకు బాలుడు దానిని ప్రేమతో నిమిరాడు. కుక్కల శిక్షణకు కూడా ఇదే మూలసూత్రం.

కావలిలోని ఒక ఇంటి కుక్కను ఉదాహరణగా తీసుకొందాం. తుమ్మలపెంట నుండి చేపల గంపతో వచ్చే స్త్రీని చూస్తే అది గొలుసు తెంపుకొనేటట్లు మొరుగుతుందనుకొందాం. ఆమె కనబడినా కుక్క నెమ్మదిగా ఉండగల దూరాన్ని యజమాని ముందుగా కనిపెట్టాలి. కుక్కను గొలుసుతో పట్టుకొని అక్కడ నిలవాలి. ఆమె కనబడిన వెంటనే ఉడికించిన గుడ్డు ముక్కలు ఒక్కొక్కటిగా పెట్టాలి. ఆమె కనుమరుగు కాగానే పెట్టడం ఆపాలి. ముందు ఆమె రాక, తర్వాత తిండి. ఈ వరుస తప్పరాదు. కొన్ని దినాలకు ఆమెను చూడగానే కుక్క యజమాని వైపు ఆశగా చూస్తుంది. అప్పుడే దూరాన్ని కొద్దిగా తగ్గించాలి. మళ్లీ మొరిగితే మనమే తొందరపడ్డామని గ్రహించి వెనుకకు జరగాలి. దీనికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పట్టవచ్చు.

దీపావళి టపాకాయల మోతకు వణికే కుక్కను లోపలి గదిలో ఉంచి, దగ్గర కూర్చోవాలి. ఓదార్చితే భయం పెరుగుతుందనేది అపోహ మాత్రమే. ఉన్నట్టుండి స్వభావం మారిన కుక్కకు నొప్పి గాని జబ్బు గాని ఉండవచ్చు, పశువైద్యునికి చూపించాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు కనబడిన తర్వాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

మొరిగే కుక్కను కొట్టడం, కరిచిన కుక్కను పొలిమేరలో వదలి రావడం సులభం. కాని వదలిన కుక్క తన భయాన్ని మరొక వీధికి, మరొక బాలుని వద్దకు మోసుకొనిపోతుంది. భారత కథారంభంలో ఒక కుక్కపిల్లను కొట్టినవారు ఉన్నారు. మహాప్రస్థానంలో వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు ఉన్నాడు. ఎవరి మార్గాన్ని అనుసరించాలో తేల్చుకోవలసినది మనమే.