పెళ్లికారు మీద జిగురు మరకలు

ఆ మధ్య మా మిత్రుడి తమ్ముడి పెళ్లి ఇక్కడ సింగపూరులో, సెరంగూన్ రోడ్డు మీదున్న శ్రీనివాస పెరుమాళ్ గుడిలో జరిగింది. పెళ్లికొడుకుని తీసుకెళ్లడానికి ఇంకో స్నేహితుడి నల్ల కారు అడిగి తెచ్చాం. బంతిపూల దండలు, రిబ్బన్లు, బానెట్ మీద పేర్ల బోర్డు... అన్నీ డబుల్ సైడెడ్ టేపుతో అంటించింది నేనే! పెళ్లి హడావుడిలో ఆ కారు రెండు రోజులు ఎండలోనే ఉండిపోయింది. మూడో రోజు టేపు లాగితే పైపొర చేతికొచ్చింది, జిగురంతా కారు మీదే ఉండిపోయింది.

సింగపూరులో కారు అంటే ఏమిటో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. మిగతా దేశాల్లో ఉన్నవారి కోసం చెబుతున్నాను. 1990 నుంచి ఇక్కడ కారు కొనాలంటే ముందు వేలంలో సి.ఓ.ఇ. అనే పదేళ్ల అనుమతి పత్రం పాడుకోవాలి. 2023 అక్టోబరులో చిన్న కార్ల సి.ఓ.ఇ.యే లక్ష సింగపూరు డాలర్లు దాటింది. కారు ఖరీదు వేరే! అలాంటి వస్తువు, అందులోనూ అడిగి తెచ్చినది.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఇంట్లో మిగిలిన పెయింట్ థిన్నర్ గుడ్డకి రాసి వెనక బంపర్ మూల రుద్దడం. జిగురు పోయింది. దాంతోపాటు మెరుపూ పోయి, అరచేయంత మేర పాలిపోయింది. ఆ బంపర్‌కి అంతకుముందెప్పుడో మళ్లీ రంగు వేయించారని తర్వాత తెలిసింది. ఫ్యాక్టరీలో రంగుని 140 డిగ్రీల దాకా కాల్చి గట్టిపరుస్తారు. బయట వేసే రంగుని దాదాపు 60 డిగ్రీల్లోనే ఆరబెడతారు. అందుకే థిన్నర్‌కి అది ముందు లొంగిపోతుంది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ కూడా ఈ జాతిదే, దాని జోలికీ పోకండి.

అసలు మనం కాపాడుకోవలసింది రంగు మీదున్న పారదర్శకమైన పొరని. క్లియర్ కోట్ అంటారు. దాని మందం 40, 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కన్నా పల్చన. బ్లేడుతో గీకితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మరి జిగురు పోయేదెలా? జవాబు మన వంటింట్లోనే ఉంది. పనసకాయ కోసేటప్పుడు అమ్మమ్మలు చేతికీ కత్తికీ నూనె రాసుకునేవారు గుర్తుందా? ఆ పాలు నీళ్లకి లొంగవు, నూనెకి లొంగుతాయి. టేపు జిగురూ అంతే.

నల్ల కారు ఎండలో కాలిపోతూ ఉంటుంది, కాబట్టి ముందు నీడలో పెట్టి చల్లారనివ్వాలి. తర్వాత షాంపూ నీళ్లతో దుమ్మంతా కడగాలి. ఈ పని మానేస్తే ఇసుక రేణువులే గీతలు పెడతాయి. టేపులో స్పాంజి పొర మిగిలితే, హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి వెచ్చగా తగిలేంత వేడిచేసి, గట్టి దారాన్ని దాని కింద రంపంలా ఆడించి కోయండి. మిగిలిన జిగురు మీద వంటనూనె రాసి పది నిమిషాలు ఆగి బొటనవేలితో దొర్లిస్తే ఉండలు కట్టి వచ్చేస్తుంది. ఇంకా పల్చటి పొర ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. ముందు కనబడని మూల పరీక్షించి చూసుకోండి (నేను చేయని పని అదే!). చివర్లో మళ్లీ షాంపూతో కడిగి, ఆరాక వాక్స్ పెట్టాలి. నూనె, ఆల్కహాల్ పాత వాక్స్‌ని తీసేస్తాయి మరి.

ఇక్కడి రోడ్ల పక్క నిద్రగన్నేరు చెట్ల కింద కారు పెడితే పడే జిడ్డు తుంపర మాత్రం వేరే రకం. ఆకులమీది పురుగులు విసర్జించే చక్కెర రసం అది. దానికి నూనె అక్కర్లేదు, గోరువెచ్చని సబ్బు నీళ్లు చాలు. కాకపోతే ఆలస్యం చేయకూడదు.

బానెట్ మీది జిగురంతా ఈ పద్ధతిలోనే ఓ సాయంత్రంలో తీసేశాను. బంపర్ సంగతి దాచకుండా కారాయనతో చెప్పాను. పాలిష్ చేయిస్తే సగం మెరుపు తిరిగి వచ్చింది. మిగతా సగానికి రంగు వేయించిన బిల్లు నేనే కట్టాను.