జీతం లేని పనికి గడువు ఎలా? ఓపెన్ సోర్స్‌లో విడుదల తేదీల లెక్క

ఇంజినీరింగ్ చదివే పిల్లలు “ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో పని చేస్తున్నా” అంటే ఇంట్లో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న: చాలామందికి జీతమే లేదంటున్నావు, బాస్ లేడంటున్నావు, మరి పని టైముకు ఎలా పూర్తవుతుంది?

మంచి ప్రశ్నే. ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా చూసి, మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్. దాన్ని ఎప్పుడు విడుదల చేయాలన్న దానికి రెండు పద్ధతులున్నాయి.

సిద్ధమైనప్పుడా? చెప్పిన తేదీకా?

మొదటిది, అంతా సిద్ధమయ్యాకే విడుదల. డెబియన్ దారి ఇదే. దాని 3.0 వెర్షన్ 2002 జూలైలో వస్తే, తర్వాతి 3.1 రావడానికి 2005 జూన్ దాకా పట్టింది. దాదాపు మూడేళ్లు!

రెండోది, తేదీ ముందే ఖాయం చేయడం. డెబియన్ ఆధారంగా తయారైన ఉబుంటు 2004 అక్టోబర్‌లో మొదలైంది. ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. నంబరులోనే తేదీ ఉంటుంది: 4.10 అంటే 2004, పదో నెల.

ఇఫ్తార్‌తో పోల్చి చూడండి. మగ్రిబ్ అజాన్ హలీం ఉడికేదాకా ఆగదు. సిద్ధమైనవి దస్తర్‌ఖాన్ మీదికి వస్తాయి, మిగతాది రేపటికి. ఇక్కడా అంతే. తేదీ కదలదు, పూర్తికాని ఫీచర్ తర్వాతి విడుదలకు వెళ్తుంది.

తలుపు మూసే రోజు

తేదీ ఒక్కటే చాలదు. కొత్త పని ఎప్పటిదాకా తీసుకుంటారో కూడా చెప్పాలి. లినక్స్ కెర్నెల్‌లో కొత్త మార్పులకు సుమారు రెండు వారాలే తలుపు తెరిచి ఉంటుంది. తర్వాత తప్పులు సరిచేయడమే పని. తొమ్మిది, పది వారాలకో వెర్షన్ వస్తుంది. ఈసారి అందకపోయినా త్వరలోనే ఇంకో అవకాశం ఉందని తెలుసు కాబట్టి, సగం ఉడికిన కోడ్‌ను హడావుడిగా తోసేయాల్సిన అవసరం ఉండదు.

మన భాషలకు ఏం సంబంధం?

చాలానే ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్ ఆరు నెలలకోసారి వస్తుంది. విడుదలకు కొన్ని వారాల ముందే తెరపై కనిపించే మాటలను ఖాయం చేసేస్తారు. ఆ తర్వాత అనుమతి లేకుండా మార్చకూడదు. ఈ వ్యవధి అనువాదకుల కోసమే. చివరి రోజు దాకా ఇంగ్లిష్ మాటలు మారుతూ పోతే ఉర్దూ, తెలుగు అనువాదకులు వెనకబడిపోతారు. ఇంట్లో అమ్మీ కంప్యూటర్ తెరిస్తే మెనూ సగం ఉర్దూలో, సగం ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి తర్వాతి విడుదల దాకా ఆగాల్సి రావచ్చు.

గడువు జరపకూడదా?

జరపొచ్చు, కారణం చెప్పి. 2006 ఏప్రిల్‌లో రావాల్సిన ఉబుంటును ఆరు వారాలు ఆపి జూన్ 1న విడుదల చేశారు. ఆ వెర్షన్‌కు డెస్క్‌టాప్‌లపై మూడేళ్లు, సర్వర్లపై ఐదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చారు కనుక పరీక్షలకు, అనువాదాలకు ఇంకొంత సమయం తీసుకున్నారు. కొత్త తేదీ ముందే ప్రకటించారు. 6.04 కాస్తా 6.06 అయింది.

మీ పిల్లలు ప్రాజెక్టు మొదలుపెడితే మూడు మాటలు చెప్పండి. పరీక్షలు, రంజాన్ చూసుకుని తేదీ పెట్టండి. కొత్త పని ఆపే రోజు ముందే ప్రకటించండి. ఆలస్యమైతే మనుషుల్ని తరమకండి, ఫీచర్లు తగ్గించండి. ఉచితంగా పని చేసేవాళ్లు ఒకసారి విసిగి వెళ్లిపోతే మళ్లీ రావడం కష్టం.