కులం లెక్కకు రాని సమ్మిళిత విద్య

సమ్మిళిత విద్య మీద జరిగే చర్చల్లో పిల్లలకు వైకల్యం ఉంటుంది, కులం ఉండదు. కుల ప్రశ్న మీద మనం చేసే చర్చల్లో పిల్లలకు కులం ఉంటుంది, వైకల్యం ఉండదు. ఈ రెంటి నడుమ దళితవాడలోని చూపులేని బాలిక, తండాలోని వినికిడి లేని బాలుడు జారిపోతున్నారు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం, షెడ్యూల్డు కులాలలో 2.45 శాతం. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. తిండి చాలని గర్భం, కాన్పు వేళ అందని వైద్యం, ప్రమాదాల నడుమ కూలి బతుకు శరీరాల మీద వేసే ముద్రను నేను ఆ తేడాలో చదువుతాను.

చట్టాలకు కొదవ లేదు. 2012 సవరణతో విద్యాహక్కు చట్టం వికలాంగ బాలలను ఎస్సీ, ఎస్టీ పిల్లల సరసన ప్రతికూల వర్గాలలో చేర్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6–18 ఏళ్ల పిల్లలు తమకు నచ్చినట్టు సమీప బడిలోనో, ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదవవచ్చునన్నది. ‘నచ్చినట్టు’ అన్న మాట దగ్గర ఆగాలి. నగరంలోని ఉద్యోగి కుటుంబానికి థెరపీ ఉంది, ప్రత్యేక పాఠశాల ఉంది, బిడ్డ పక్కనే కూర్చునే సహాయకురాలూ ఉంటుంది. కూలికి వెళ్ళే తల్లికి ఊరి సర్కారు బడి ఒక్కటే దిక్కు. కాబట్టి ఆ బడికి ర్యాంపు ఉందా, బ్రెయిలీ తెలిసిన టీచరు ఉన్నారా అని అడగడం కుల ప్రశ్న అడగడమే.

సదరం సర్టిఫికెట్ సంగతి చూడండి. మీసేవలో స్లాటు దొరకాలి, బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి వెళ్ళాలి, ఆ రోజు కూలి పోవాలి. ఇంత చేస్తే ఆడపిల్లకు సమగ్ర శిక్ష కింద వచ్చే స్టయిపెండు నెలకు 200 రూపాయలు. దానితో మండల కేంద్రానికి ఎన్నిసార్లు ఆటోలో వెళ్ళి రాగలరో పాఠకులే లెక్కవేసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ భవిత కేంద్రాలు మండల స్థాయిలో ఉన్నాయి, పిల్లలేమో వాడల్లో, తండాల్లో ఉన్నారు. బడి రిజిస్టరులో పేరు ఉన్నా పిల్ల ఇంటి అరుగు మీదే ఉండిపోతుంది. వచ్చినా వెనుక వరుసలో ఊరక కూర్చుంటుంది. ఒకే గదిలో ఉన్నంత మాత్రాన కలిసి చదివినట్టు కాదని బాల అంబేడ్కర్ విడిగా పరచుకున్న గోనెపట్టా ఏనాడో చెప్పింది.

ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై తరగతుల్లో 15 మంది వికలాంగ విద్యార్థులకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో నిర్దేశించింది. పోస్టులను మంజూరు చేసి ప్రకటించమని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్ళీ చెప్పవలసివచ్చింది. మన దగ్గర ఈ పని ఎక్కువగా కాంట్రాక్టు రిసోర్స్ పర్సన్లతో నడుస్తూ వచ్చింది. మంజూరైన శాశ్వత పోస్టుకు రోస్టరు తప్పదు. ఆ దారిలో దళిత, వికలాంగ ఉపాధ్యాయులు బడిలోకి వస్తారు. ఈ పోస్టుల కోసం దళిత సంఘాలు ఎందుకు పోరాడవో నాకు అర్థం కాదు.

బడిలో మొదలైన నష్టం విశ్వవిద్యాలయం దాకా వస్తుంది. ఉన్నత విద్యలో వికలాంగులకు 5 శాతం సీట్లున్నాయి. ఇంద్రా సాహ్ని తీర్పు ఈ కోటాను సమాంతరమన్నది. మొత్తం సీట్ల మీద ఒకే మెరిట్ జాబితా వేసే చోట మంచి బడి దొరికిన పై కులాల వికలాంగ విద్యార్థి ముందుంటాడు. వికలాంగులకూ ఎస్సీ, ఎస్టీలతో సమానంగా మార్కుల సడలింపు ఇవ్వాలని 2020లో ఆర్యన్ రాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు సరైనదే. మరి రెండు భారాలూ మోసే విద్యార్థికి అదనంగా ఏమిటి?

అన్నట్టు, ‘దివ్యాంగులు’ అన్న పేరు నేను వాడను. హక్కు అడిగినవారికి దైవత్వాన్ని అంటగట్టడం ‘హరిజన’ పదంతోనే చూశాం.

రానున్న జనగణనలో కులాన్ని లెక్కించాలని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. వైకల్యపు గడినీ కులపు గడినీ కలిపి పట్టికలు వేసి, మండలాలవారీగా బయటపెట్టాలి. బడి హాజరునూ వాటితో జోడించాలి. 2011 లెక్కల్లో బీసీ వికలాంగ బాలలందరూ ‘ఇతరులు’ అన్న ఒక్క గడిలోనే ఉండిపోయారు.